ఒక్క కంటికి ఇన్ని కొలతలా

మళ్ళీ తేడా వచ్చింది. ఇందాక ఇరవైరెండు పాయింట్ తొమ్మిది చూపించిన మిషను ఇప్పుడు ఇరవైమూడు పాయింట్ నాలుగంటోంది, అంతకు ముందు ఇంకేదో అంది. అదే కన్ను, అదే మిషను, అదే కుర్చీ, కొలుస్తున్నది అదే రేఖ, మరి ఈ కాస్త సేపట్లో కనుగుడ్డు అర మిల్లీమీటరు పొడుగు సాగడానికి అదేమన్నా పాదుకు కాసిన సొరకాయా? గచ్చిబౌలిలో ఈ అద్దాల బిల్డింగులో కంటి దవాఖాన తెరిచిన రోజు నుంచి శుక్లం ఆపరేషనుకు వచ్చేవాళ్ళ కళ్ళు కొలిచేది రేఖే. రేఖ తీసిన రీడింగంటే ఆపరేషన్లు చేసే త్రిపుర మేడం రెండోసారి చూడను కూడా చూడరు, చూసి సంతకం పెట్టేస్తారు. మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ కవల పిల్లల్లా ఒకటే అంకె రావాలి, వస్తుంది, రేఖ చేతిలో ఎప్పుడూ వస్తుంది. ఆ అంకెను బట్టే కంట్లో పెట్టే కొత్త అద్దం ఏ పవరుదో తేలుతుంది, మిల్లీమీటరులో పదో వంతు తప్పినా జీవితాంతం ఆ మనిషి కళ్ళద్దాలకు పావు నంబరు అంటుకుంటుంది. అట్లాంటిది ఈ పొద్దున, లోపల ఆపరేషన్ గదిలో మొదటి పేరుగా రాసి ఉన్న ఈ ఒక్క కంటికి మాత్రం అంకెలు ఆస్తి పంచుకునే అన్నదమ్ముల్లా ఎవరి దారిన వాళ్ళు పోతున్నాయి. ఆ కన్ను ఇంకెవరిదో అయితే ఇంత మంట ఉండేది కాదు. అది అమ్మది.

అమ్మ, ఈరమ్మ, గడ్డం మిషను గిన్నెలో పెట్టి, నుదురు పట్టీకి ఆనించి, బడిలో ఇన్స్పెక్టరు వచ్చినప్పుడు కూర్చున్న పిల్లలా బిగుసుకుని కూర్చుంది. కళ్ళు మాత్రం ఇంతింత చేసుకుని, రెప్ప వేయకుండా, పైగా ఎడమ చేత్తో పై రెప్పను పట్టుకుని గుంజుతోంది. చెయ్యి తియ్యమ్మా, గుడ్డు మీద పడ్తది బరువు, అని అప్పటికి నాలుగోసారి చెప్పింది రేఖ. "రేషన్ షాపుల గట్లనే గుంజుమంటడు బిడ్డ, లేకుంటే మిషన్ పట్టది, బియ్యమియ్యడు," అంది అమ్మ, చెయ్యి తీయకుండానే. రేషన్ షాపు మిషనూ ఇదీ ఒకటేనా, అక్కడ నువ్వు నువ్వేనా అని చూస్తారు, ఇక్కడ నీ కన్ను ఎంత పొడుగుందో చూస్తారు, ఎన్నిసార్లు చెప్పాలి, నిజాంపేట ఆడపిల్లల హాస్టలులో నూటయాభై మందికి అన్నం వండే మనిషికి రెప్ప వేయమంటే వేయడం, వద్దంటే మానడం అంత కష్టమా? రెప్ప వేయకపోతే కంటి మీది తడి ఆరిపోతుంది, ఆరిపోయిన కన్ను మిషనుకు సరిగ్గా అందదు. అదే అయి ఉంటుంది. తప్పకుండా అదే. తడి కోసం చుక్కల మందు వేసి, కళ్ళు మూసుకుని కాసేపు కూర్చో, మాట్లాడకు, అని చెప్పి రేఖ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

కింద ఆఫీసు బస్సులు ఒకదాని వెనక ఒకటి ముక్కు తోసుకుంటున్నాయి, వాటి సందుల్లోంచి బైక్ టాక్సీల వాళ్ళు వెనక మనిషి మోకాళ్ళు తగులుతున్నా లెక్క చేయకుండా దూరిపోతున్నారు. మిషను తప్పేమో అని పొద్దున్నే నవనీతను కూర్చోబెట్టి చూసింది. నవనీత చూపు పరీక్ష గదిలో పని చేస్తుంది, తన కన్ను మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ ఒకటే, వెంట్రుకవాసి తేడా లేదు. అంటే మిషనుకు రోగం లేదు. అయితే తన చెయ్యే వణుకుతోందా? వణకదా మరి, తల్లి కంట్లో కత్తి పెట్టించబోతూ. కుడి కన్ను గుర్తొస్తే ఇప్పటికీ పళ్ళు పటపటమంటాయి. రేఖ ఇంకా ఈ చదువులో చేరకముందు ఎవరో క్యాంపు పెట్టారని, ఉచితంగా చేస్తారని, బస్సెక్కించుకుపోయి అమ్మ కుడి కంటికి ఆపరేషన్ చేసి పంపారు. కొలిచారో లేదో, అందరికీ ఒకటే పవరు అద్దం సంచిలోంచి తీసి పెట్టారో, దేవుడికే తెలియాలి. అప్పటి నుంచి అమ్మ ముక్కు మీద సీసా అడుగులాంటి అద్దం. అన్నం వార్చేటప్పుడు ఆవిరి పట్టి, కూరగాయలు తరిగేటప్పుడు జారి, అమ్మ అది తుడుచుకోవడమే ఒక పని అయిపోయింది. ఎడమ కన్నైనా నేను కొలుస్తా, నా చేత్తో కొలుస్తా, అద్దం లేకుండా పప్పులో రాళ్ళు ఏరేటట్టు చేస్తా అని రేఖ అనుకున్నది ఇవాళా నిన్నా కాదు. దానికి తగ్గట్టు అమ్మ మూడేళ్ళు తిప్పించుకుంది. ఆషాఢం అంది, పిల్లలకు పరీక్షలంది, అమావాస్య అంది, వంటకు ఇంకో మనిషి దొరకలేదంది, బోనాలు కానీయమంది, అయ్యాక చలి పెరిగిందంది. చివరికి నిన్న రేఖ హాస్టలుకే పోయి, వంటగదిలోంచి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించుకొచ్చింది. ఎవరి కోసం ఇదంతా? అడ్డాల నాడు బిడ్డలు గాని గడ్డాల నాడు కాదంటారు, మరి తల్లులు ఏ నాడు మాట వింటారో సామెత కట్టినవాడెవడూ చెప్పి చావలేదు.

"ఇగ తెరుద్దునా?" అంది అమ్మ వెనక నుంచి. తెరువు. గడ్డం పెట్టు. లోపల ఎర్ర చుక్క కనబడుతుందా? "ఆ, కనబడ్తుంది." దాన్నే చూడు, ఇటు అటు చూడకు. "దాన్నే జూస్తున్న." నోరు కదిలించకు. "నువ్వే అడిగితివి గద." టిక్కుమంది మిషను. ఇరవైరెండు పాయింట్ ఆరు. కొత్త అంకె! ఇదివరకు రానిది! రేఖ మిషనును అటూ ఇటూ జరిపే కర్రను వదిలేసి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది, లేకపోతే మిషను నెత్తిన ఒకటి మొట్టేలా ఉంది. తడి ఉంది, రెప్ప వేసింది, చెయ్యి తీసేసింది, నుదురు ఆనింది, ఇంకేం కావాలి దీనికి, హారతివ్వాలా? మళ్ళీ. టిక్కు. ఇరవైమూడు పాయింట్ ఒకటి. అమ్మ మిషను పక్క నుంచి తల కొద్దిగా వంచి కూతురి ముఖం ఎటుందో అటు తిరిగింది. "కోపం జేయకు బిడ్డ. నీకు ఏ నంబరు రావాల్నో అది చెప్పరాదు, నేను అట్లనే జూస్త." రేఖకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి ఏదీ పూర్తిగా రాలేదు. చూసేదాన్ని బట్టి నంబరు మారదమ్మా, నువ్వు చూస్తే చాలు, చుక్కను చూస్తే చాలు, అంది. ఫోన్ మోగింది. త్రిపుర మేడం, పూర్తి పేరు బాలాత్రిపురసుందరి, కాకినాడ వైపు మనిషి, తొందరలో కూడా మాట మెత్తగానే ఉంటుంది. "రేఖా, అమ్మగారి రీడింగ్ అయిందామ్మా? కంట్లో మందు వేసేయమంటావా?" కంటిపాపను పెద్దది చేసే ఆ మందు వేశాక ఇక కొలవడం ఉండదు. ఒక్క ఐదు నిమిషాలు మేడం, అంది రేఖ. అన్నాక, ఏ ఐదు నిమిషాలు, ఎక్కడివి, అనుకుంది.

ఒక దారి ఉంది. ఇప్పటిదాకా వచ్చిన వాటిలో దగ్గర దగ్గరగా ఉన్న రెండు అట్టిపెట్టి మిగతావి తుడిచేస్తే మిషను సగటు కట్టి చక్కగా చూపిస్తుంది, ఎవరూ అడగరు, రేఖ రీడింగు గదా. వేరే చోట చేస్తారట అట్లా, విన్నది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జనం, కదిలే ముసలివాళ్ళు, బెదిరే ముసలివాళ్ళు, ఎవరికి ఓపిక. రేఖకు అట్లాంటివాళ్ళంటే ఒళ్ళుమంట. ఏ రెండు? ఆరూ తొమ్మిదీ తీసుకుంటే ఒక అద్దం, ఒకటీ నాలుగూ తీసుకుంటే ఇంకో అద్దం, ఆ రెంటి మధ్య తేడా ఒక నంబరు పైమాటే. అంటే ఎడమ కంటి మీదా ఇంకో సీసా అడుగు. క్యాంపు వాళ్ళు చేసిందీ తను చేయబోయేదీ ఒకటే అవుతుంది కదా, కాకపోతే వాళ్ళు బస్సులో తీసుకుపోయారు, తను ఆటోలో తీసుకొచ్చింది. ఛీ. అసలు నిన్న అన్నీ తాపీగా చేసి ఉంటే ఈ పరేషాన్ ఉండేది కాదు. నిన్న ఏం జరిగింది? మన రేఖ వాళ్ళమ్మ వచ్చింది అంటూ అందరూ లేచారు, లైన్లో కూర్చోనివ్వలేదు, ఏసీ గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు, నవనీత "పెద్దమ్మా, ఇవి ఎన్ని వేళ్ళు" అని నవ్వుతూ అడిగి, అమ్మ ఏదో అని, శుక్లం ఉంది గదా ఇంతే కనబడుతుందిలే అని రాసుకుంది. పాప పెద్దదయ్యే మందు వేసి లోపలి తెర చూడాలి, అది రూలు. సాయంత్రం దాకా మసకేస్తది, హాస్టలుకు పోయి పప్పు నానేయాలె అని అమ్మ గొడవ. రేపు ఆపరేషన్ ముందు ఎట్లాగూ వేస్తాం కదా మేడం, అన్నది ఎవరు? రేఖే. దారిన పోయే ఏ ఈరమ్మో వచ్చి ఉంటే ఆ మందు వేయకుండా బయటికి పంపేవారా? కూతురు ఇక్కడ పని చేస్తుంది కాబట్టి అమ్మకు అందరికంటే ఎక్కువ మర్యాద జరిగింది, అందరికంటే తక్కువ పరీక్ష జరిగింది. ఆ ఆలోచన ఒక్క క్షణం ముల్లులా గుచ్చుకుంది గాని, శుక్లమే కదా, ఇంకేముంటుంది అని రేఖ దాన్ని పక్కకు నెట్టేసింది.

ఇంకొక్కసారి, చివరిసారి, అని కుర్చీ ముందుకు లాక్కుంది. ఎర్ర చుక్క కనబడుతుందా అమ్మా? ఈ మాట రోజుకు ఎన్నిసార్లు అంటుందో, నిద్రలో కూడా అంటుందని ఇంట్లో ఏడిపిస్తారు. "కనబడ్తుంది బిడ్డ, మంచిగ కనబడ్తుంది. ఎర్రగ." రేఖ కర్ర తిప్పింది. మిషను పలకలేదు. ఇదొకటి, ఇదీ మొరాయించిందా, అని స్క్రీను వైపు చూస్తే స్క్రీను నల్లగా ఉంది. కాసేపు ముట్టుకోకపోతే మిషను దానంతటదే నిద్రపోతుంది, తను ఫోన్ మాట్లాడుతూ, సగటులు కట్టుకుంటూ కూర్చున్నప్పుడు పడుకుంది. స్క్రీను నిద్రపోతే లోపలి చుక్క కూడా ఆరిపోతుంది. రేఖ లేచి మిషను అవతలికి వచ్చి, అమ్మ తల పక్క నుంచి వంగి లోపలికి చూసింది. చీకటి. ఏ రంగూ లేదు. తిరిగి వచ్చి కూర్చుంది. మిషనును లేపకుండానే అడిగింది. ఎక్కడుందమ్మా చుక్క? "నడిమిట్లనే ఉంది." ఇప్పుడు? "ఇప్పుడు గూడ ఉంది." కదులుతుందా? అమ్మ కొంచెం ఆగింది, ఏ జవాబు చెబితే కూతురికి పని అవుతుందో వెతుక్కుంటున్నట్టు. "కదుల్తలేదు బిడ్డ. నిలవడ్డది."

మిషను పొద్దుటి నుంచి నిజమే చెబుతోంది, ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. చుక్క కనబడని కన్ను చుక్క కోసం వెతుకుతుంది, వెతికి వెతికి ఎక్కడో ఒకచోట ఆగుతుంది, ఆగినచోటి దాకా మిషను కొలుస్తుంది, మళ్ళీ అడిగితే మళ్ళీ వెతికి ఇంకోచోట ఆగుతుంది. కంటి లోపలి తెరకు నడిమధ్య ఆవగింజంత చోటు ఉంటుంది, చుక్కను చూసేది అదే, మనిషి ముఖాన్ని చూసేది అదే, ఆ చోటు పోయిన కంటికి అంచులే మిగులుతాయి, అది తలుపు తెరిచి ఉన్నా మనిషి లేని ఇల్లు. శుక్లం తీసి ఎంత ఖరీదైన అద్దం పెట్టినా, ఏ పవరుది పెట్టినా, పప్పులో రాయి కనబడదు. మూడేళ్ళ ఆషాఢాలూ అమావాస్యలూ ఇప్పుడు అర్థమయ్యాయి, ఆపరేషనుకు భయపడి కాదు, దొరికిపోతానని. కోర్సులో చేరిన కొత్తలో ఇంటి గోడకు చార్టు అంటించి అమ్మను నిలబెట్టి చూపు పరీక్ష చేసేది రేఖ. కుడి కన్ను మూసుకో అంటే అమ్మ అరచేత్తో మూసుకునేది, గీత ఎటు తిరిగిందో వేలితో చూపించేది, అన్నీ సరిగ్గా చూపించేది, రేఖ మురిసిపోయేది. ఆ వేళ్ళ సందులు! ఆ సందుల్లోంచి సీసా అడుగు అద్దంతో కుడి కన్నే చూసింది, ఎడమది కాదు. కళ్ళ చదువు చదివిన కూతురు తల్లి వేళ్ళ సందులు చూడలేదు. ఎంతమంది కళ్ళు కొలిచింది, ఎంతమందికి కదలకు, మాట్లాడకు, ఇటే చూడు అని చెప్పింది, కనబడుతుందా అంటే కనబడుతుందనే జనాన్ని చూసి నవనీతతో కలిసి ఎన్నిసార్లు నవ్వుకుంది. డాక్టరమ్మ అడిగితే లేదనడం బాగుండదని అనేవాళ్ళు, పాపం మర్యాదస్తులు, అని. ఇంట్లో ఉన్న మర్యాదస్తురాలిని గుర్తుపట్టడానికి పన్నెండేళ్ళు పట్టింది, అదీ మిషను నిద్రపోతే.

"ఎప్పటిసంది?" అంది రేఖ. అమ్మ గడ్డం గిన్నెలోనే ఉంది. "ఏంది బిడ్డ?" "ఆ కన్ను ఎప్పటిసంది కనబడ్తలేదు? చుక్క లేదమ్మా లోపల. ఆరిపోయింది. నువ్వు ఉందన్నవు." అమ్మ మెల్లగా వెనక్కి జరిగింది, ఒళ్ళో పెట్టుకున్న కళ్ళద్దం తీసి పెట్టుకోబోయి, పెట్టుకోకుండానే చేతిలో పట్టుకుంది. "నువ్వు కాలేజీల జేరిన ఏడు. పొద్దున లేచేసరికి నడిమిట్ల ఏదో మరకలెక్క. కడిగిన, పోలే." "ఎందుకు చెప్పలే?" గొంతు పెద్దదయింది, బయట వినబడుతుందేమో, వినబడనీ. "అప్పుడే చెప్తే బాగు చేసేటోళ్ళమ్మా! నెలల్లోనే చేయాలె అది. ఇప్పుడు ఎవరేం చేస్తరు? నేను చదివిందేంది, నువ్వు చేసిందేంది? దేశంల అందరి కండ్లు నేను చూస్తున్న, ఇంట్ల నీ కన్ను పోయింది!" "చెప్తే ఏం జేస్తుంటివి?" అమ్మ గొంతు పెరగలేదు. "చదువు బంద్ వెట్టి నన్ను దవాఖాన్ల పొంటి తిప్పుతుంటివి. ఫీజు పైసలు ఆ కంట్ల వోస్తుంటివి. ఇంకో కన్ను ఉంది గద అనుకున్న. పనికొస్తుంది గద. వంట ఆగలే, ఏమాగలే." "మరి ఇవాళెందుకొచ్చినవు? కోత పెట్టించుకోనీకి ఎందుకొచ్చినవు, ఏం లాభం లేదని తెల్సి?" "నువ్వు అందరికి జెప్పుకున్నవు గద," అంది అమ్మ, "మా అమ్మ కన్ను నేనే కొలుస్త అని. నలుగుట్ల నీ మాట వోతదని." రేఖకు అరవాలనిపించింది, ఆ కళ్ళద్దం లాక్కుని గోడకేసి కొట్టాలనిపించింది, అమ్మ ఒళ్ళో తల పెట్టాలనిపించింది. ఏదీ చేయలేదు. ఇంత కోపం తల్లి మీదో, తన మీదో, ఇంత నిజం చెప్పినా నోరు లేని ఆ మిషను మీదో తేల్చుకోలేక కూర్చుంది.

ఫోన్ మళ్ళీ మోగింది. "వచ్చిందామ్మా నంబరు?" "రాదు మేడం," అంది రేఖ. "అంటే?" "ఆ కన్ను చుక్కను చూడట్లేదు. నిన్న నేనే లోపలి తెర చూడనివ్వలేదు. ఇవాళ ఆపరేషన్ వద్దు మేడం, ముందు మందు వేసి లోపల చూడండి. తర్వాత ఏం చేయాలో మీరు చెప్పండి." "నవనీతను మందు తెమ్మంటున్నాను, అమ్మగారిని అక్కడే ఉండనీ, నేనే వస్తున్నాను," అన్నారు మేడం. రేఖ ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, మిషనును పక్కకు నెట్టేసింది. తల్లీ కూతుళ్ళ మధ్య ఇప్పుడు ఏమీ లేదు, ఒక మూర దూరం తప్ప. ముందుకు వంగి, అమ్మ కుడి కంటి మీద తన అరచెయ్యి పెట్టి, గాలి చొరకుండా మూసింది.

"కనబడుతుందా అని అడగనమ్మా ఇగ. ఏం కనబడుతుందో చెప్పు. నాకోసం చెప్పకు. ఉన్నది చెప్పు."

ఈరమ్మ ఎడమ కన్ను పెద్దగా తెరిచింది. ఆ కన్ను వెతుకుతోంది, పైకి, పక్కకు, మళ్ళీ పైకి.

"చెవుల కమ్మలు మెరుస్తున్నయి," అంది చివరికి. "జుట్టు నల్లగ. భుజాలు. తెల్ల కోటు."

"ముఖం?"

"గాడ ఏం లేదు బిడ్డ."

రేఖ చెయ్యి తీయకుండానే కుర్చీని కాళ్ళతో తోసి కొంచెం అమ్మ ఎడమ వైపుకు జరిగింది. "ఇప్పుడు?" లేదంది అమ్మ. ఇంకొంచెం జరిగింది. లేదు. కుర్చీ గోడకు తగిలింది, లేచి, వంగి, అమ్మ చెవి పక్కకు, అటు వైపు ఎవరూ ఎవరినీ చూడని చోటికి ముఖం తెచ్చింది.

"ఆగు. ఆగు బిడ్డ, కదలకు," అంది అమ్మ. "ఇగో, ఇప్పుడొచ్చినవు. మసకనే. గని నువ్వే."